కాలికింద మెత్తగా...

కొడుకు కొన్న పడవలోకి ఎక్కి పెద్దాయన రెండడుగులు వేశాడు. మూడో అడుగు దగ్గర ఆగిపోయాడు. చెప్పులు విప్పి, ఉత్తి కాలితో అదేచోట మళ్లీ తొక్కి చూశాడు. కార్పెట్ కాస్త కిందికి దిగి, పైకి లేచింది.

'ఏరా, ఇది ఎప్పట్నుంచీ?'

'ఏది నాన్నా?'

'ఇదే. కాలికింద మెత్తగా...'

'పాత బోటు కదా. కార్పెట్ కింద స్పాంజిలాంటిది వేసుంటారు.'

పెద్దాయన ఇంకేం అనలేదు. నలభై ఏళ్లు చెక్కతో బతికిన మనిషి. కార్పెట్ కింద ఏముందో కన్నుకంటే ముందు కాలే చెప్పేసింది.

ఇది జరిగింది అమెరికాలోని మినెసోటా రాష్ట్రంలో, మినియాపొలిస్ శివార్లలోని ఓ ఇంటి గ్యారేజీలో. కార్ల నంబరు ప్లేట్ల మీద కూడా 'పదివేల సరస్సులు' అని రాసుకునే రాష్ట్రం అది. పదెకరాలూ అంతకంటే పెద్దవైన సరస్సులే 11,842 ఉన్నాయని అక్కడి లెక్క. చలికాలమంతా అవి గడ్డకట్టుకుని పడుంటాయి. ఏప్రిల్లో మంచు కరగడం ఆలస్యం, మన వీధుల్లో ఇంటిముందు స్కూటర్లున్నట్టు అక్కడ ట్రైలర్ల మీద పడవలు ప్రత్యక్షమవుతాయి.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కొడుక్కి కూడా పిల్లల్ని పడవెక్కించాలని ముచ్చట పుట్టింది. కొత్తది కొనాలంటే కారు ధర. అందుకే ట్రైలర్‌తో సహా 2,200 డాలర్లకు ఓ పాత ఫైబర్‌గ్లాస్ బోటు పట్టుకొచ్చాడు. పదిహేడు అడుగుల పొడవు, వెనకాల తగిలించిన మోటారు. వయసు దాచుకోవడానికి వీల్లేదు. వెనకభాగంలో కుడి పక్కన అక్షరాలూ అంకెలూ కలిసి పన్నెండు ఉండే నంబరు ఒకటి చెక్కి ఉంటుంది. అందులో చివరి రెండంకెలే మోడల్ సంవత్సరం. ఈ బోటుకి ఉన్నది 86. బయట పాలిష్ పెట్టి తళతళలాడించాడు అమ్మినాయన. లోపల కొత్త కార్పెట్. కొత్త కార్పెట్ చూసి కొనేవాడు మురిసిపోతాడు, తెలిసినవాడు అనుమానిస్తాడు.

ఆ తెలిసినవాడు మార్చి నెలాఖరుకే కాకినాడ నుంచి వచ్చి కొడుకింట్లో ఉన్నాడు. తాళ్లరేవు వైపు, కోరంగి దగ్గర గోదావరి పాయ ఒడ్డున చెక్క పడవలు కట్టే చోట చిన్నప్పుడే బాడిత పట్టిన మనిషి. ఫైబర్ బోట్లు వచ్చి చెక్క పని పలచబడ్డాక మానేశాడు. ఆర్నెల్ల వీసా. సెప్టెంబరు రెండో వారానికి తిరుగు టికెట్. ఈలోగా జూలై 4న, అమెరికా స్వాతంత్య్ర దినోత్సవం నాడు, నాలుగు తెలుగు కుటుంబాలని సరస్సుకి పిలిచేశాడు కొడుకు.

పడవ కొన్నరోజు, అమ్మినరోజు... పడవ ఉన్నవాడికి సంతోషకరమైన రోజులు ఈ రెండేనని అక్కడ ఓ జోకు. కొడుక్కి మొదటి సంతోషం నాలుగు రోజులే నిలిచింది.

అసలు ఆ మెత్తదనం ఎక్కడిది? ఈ తరహా బోటు బయటికి కనిపించేదంతా గాజునార, రెసిన్ కలిపి అచ్చులో పోసిన డొప్ప. అది కుళ్లదు, తుప్పుపట్టదు. అంతవరకూ నిజమే. కానీ పలచని డొప్పకి గట్టిదనం చాలదు. అందుకని అడుగున ముందునుంచి వెనక్కి పొడుగు దూలాలు అతికిస్తారు. చాలా పాత బోట్లలో అవి ప్లైవుడ్‌వే, పైన గాజునార తొడుగు. దూలాల మధ్య ఖాళీల్లో నురగలా పొంగి గట్టిపడే ఫోమ్ పోస్తారు. వాటిమీద ప్లైవుడ్ నేల, దానిమీద కార్పెట్, కార్పెట్ మీద సీట్లు. అంటే 'ఫైబర్ బోటు' అని మురిపెంగా చెప్పుకునేదాంట్లో బరువు మోసేదంతా చెక్కేనన్నమాట!

ఆ చెక్కకి శత్రువు సరస్సు కాదు, వాన. కప్పకుండా వదిలేసిన బోటులో వాననీళ్లు పడతాయి. కార్పెట్ తాగుతుంది. సీట్లు బిగించిన స్క్రూ రంధ్రాల్లోంచి బొట్టుబొట్టుగా ప్లైవుడ్‌లోకి, అక్కడినుంచి కిందికి దిగుతుంది. దిగిన నీళ్లు మళ్లీ పైకొచ్చే దారి లేదు. చెక్కలో తేమ ఇరవై శాతం లోపుంటే కుళ్లబెట్టే బూజు పెరగదు. అది దాటి, అలాగే నిలిచిపోతే మొదలు. చెక్క పొడిపొడిగా రాలుతుంది కాబట్టి ఇంగ్లిష్‌లో దీన్ని 'డ్రై రాట్' అంటారు గానీ, పొడిగా ఉన్న చెక్క కుళ్లదు. పేరు పెట్టినవాడు కుళ్లి ఎండిపోయాక చూసుంటాడు.

ఉప్పునీళ్లకంటే మంచినీళ్లే చెక్కకి చేటు అని పెద్దాయన అంటే కొడుకు మొదట నమ్మలేదు. 'ఆవకాయలో ఉప్పు తగ్గితే ఏమవుద్దిరా? ఇదీ అంతే' అన్నాడాయన. ఆ మాటకి అమెరికాలోనే సాక్ష్యం ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడ చెక్క ఓడలు కట్టేవాళ్లు, ఓడ పక్కల్లో దుంగల మధ్య ఖాళీల్లో ఉప్పు కూరేవారు, కుళ్లకుండా.

కొడుకు దగ్గర్లోని ఓ వర్క్‌షాపుని అడిగితే, నేల మొత్తం మార్చడానికి ఆరువేల డాలర్ల పైమాటే అన్నారు. బోటు ధరకి దాదాపు మూడింతలు. పక్కింటాయన తేలిక మార్గం చెప్పాడు... మెత్తగా ఉన్నచోట పైన ఇంకో ప్లైవుడ్ ముక్క వేసి స్క్రూలు బిగించి కార్పెట్ పరిచెయ్, శనివారం ఒక్కరోజు పని అని. చాలామంది చేసేదీ అదే. కొడుకు మనసు అటే లాగింది. జూలై 4 గుర్తొచ్చింది కదా!

'నాన్నా, ఈ ఏడాదికి అలా కానిచ్చేద్దాం. వచ్చే ఏడు తీరిగ్గా చూసుకోవచ్చు.'

'స్క్రూ దేంట్లో బిగిస్తావు?'

'కింద చెక్కలో.'

'కింద చెక్కుంటే పైన మెత్తగా ఎందుకుంటది?'

కొడుకు దగ్గర జవాబు లేదు. పెద్దాయన సుత్తి అడిగి, వెనక కొసతో నేలంతా తడుతూ పోయాడు. గట్టి చెక్క ఉన్నచోట ఠక్కుమని మోగింది. కొన్నిచోట్ల పుచ్చిన గుమ్మడికాయ మీద కొట్టినట్టు చప్పుడు. మోగనిచోటల్లా మనవడు సుద్దముక్కతో గీత గీశాడు. అంతా అయ్యాక చూస్తే సగం నేల గీతల్లోపలే ఉంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర కోడలే తేల్చేసింది. 'అందులో కూర్చునేది పిల్లలండీ. విప్పి చూడండి' అంది.

విప్పడానికి ముందు చేయాల్సింది ఒకటుంది. తొందరలో చాలామంది మరిచిపోయేదీ, తరవాత తల పట్టుకునేదీ అదే. నేల తీసేస్తే డొప్పకి నడుం పోయినట్టే, వంగిపోవచ్చు. అందుకని ట్రైలర్ మీద పడవ నిటారుగా ఉందో లేదో చూసి, కింద దన్ను ఇచ్చారు. పడవ పై అంచుల మధ్య అడ్డంగా దారాలు కట్టి, దారం నుంచి నేల ఎంత లోతుందో ఆరుచోట్ల కొలిచి, పెద్దాయన గ్యారేజీ గోడమీదే పెన్సిల్‌తో రాశాడు. కొడుకు ప్రతి స్క్రూకీ ఫొటో తీశాడు. బ్యాటరీ తీగలు విప్పేశారు. పెట్రోలు ట్యాంకుని పెరట్లో దూరంగా పెట్టారు. నిప్పురవ్వలు రాల్చే పనిముట్లతో పెట్రోలు ఆవిరి పక్కన పని చేయడం ఆత్మహత్యతో సమానం.

రంపం పళ్లు నేల మందానికి మించి దిగకుండా బిగించి, అంచులకి రెండంగుళాలు వదిలి కోశారు. ఇంకాస్త దిగితే కోసేది నేలని కాదు, పడవనే. ఫైబర్ పొడి గాలికి లేచింది. ఒంటిమీద పడితే దురదగొండే. ముక్కుకి మామూలు గుడ్డ చాలదు, వడపోత ఉన్న మాస్క్ కావాలి. పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దగ్గర టేపు. పని అయ్యాక ముందు చన్నీళ్లతో కడుక్కోవాలి. తువ్వాలు చుట్టుకుంటే చాలని మొండికేసిన పెద్దాయన, మొదటి రాత్రి నిద్రలేకుండా గోక్కుని, మర్నాడు తనే మాస్క్ అడిగి పెట్టుకున్నాడు.

నేల పైకి లేచింది. లేచిందనేకంటే ముక్కలుగా ఊడొచ్చింది. తడి కాఫీ పొడిలా నల్లగా ఉంది చెక్క. కింద ఫోమ్ ఒకప్పుడు తెల్లగానో, లేత పసుపుగానో ఉండుంటుంది. ఇప్పుడు బెల్లం పాకం రంగు, పిండితే నీళ్లు. పొడి ఫోమ్ ఘనపుటడుక్కి కిలో కూడా తూగదు. అదే ఏళ్లతరబడి నీళ్లలో నానితే? మనవడు ఒక్కో చెత్తసంచినీ బాత్రూంలోని బరువుతూచే యంత్రం మీద పెట్టి లెక్క రాశాడు. ఇరవైమూడు సంచులు, 171 కిలోలు.

ఆ అంకె చూసి కొడుకు కాసేపు మాట్లాడలేదు. స్టీరింగ్ పక్కన చిన్న రేకు బిళ్ల ఉంది. ఎంతమంది ఎక్కవచ్చు, ఎంత బరువు మోయవచ్చు అన్నది దానిమీదే ఉంటుంది. ఇరవై అడుగుల్లోపు మామూలు మోటారు బోట్లకి ఆ బిళ్ల 1972 నవంబరు నుంచి అక్కడ తప్పనిసరి. ఈ బోటుకి ఆరుగురు అని ఉంది. ఆరుగురూ ఎక్కకముందే ఇద్దరు మనుషుల పైచిలుకు బరువు నేలకింద దాక్కుని కూర్చుందన్నమాట. పక్కింటాయన చెప్పినట్టు పైన ముక్క వేసి ఉంటే, జూలై 4న పిల్లల్ని ఎక్కించుకుని సరస్సు మధ్యకి పోయుండేవాళ్లు.

ఇంకా ఉంది. పెద్దాయన స్క్రూడ్రైవర్‌తో పొడుగు దూలాలు గుచ్చి చూశాడు. ఎడమది గట్టిగా ఉంది. కుడిది ముందువైపు బాగానే ఉంది గానీ, వెనక నాలుగడుగుల మేర పిడి దాకా దిగిపోయింది. పడవ వేగంగా పోతూ అలల మీద దబదబ కొట్టుకుంటుంటే ఆ దెబ్బ కాచుకునేవి దూలాలే. మోటారు తగిలించే వెనకగోడ కూడా ఇలాగే ఉంటే ఇక చేతులెత్తేయడమే. మూడుచోట్ల లోపలివైపు నుంచి సన్న రంధ్రాలు వేశారు. రాలిన పొట్టు పొడిగా, లేత రంగులో ఉంది. ఆ పొట్టు అరచేతిలో పోసుకుని వాసన చూసి, 'దీనికి ఆయుష్షుందిరా' అన్నాడు పెద్దాయన. మూడురోజుల్లో మొదటిసారి నవ్వాడు కొడుకు.

ఇక్కడినుంచి పని ఆయన చేతుల్లోకి వచ్చింది. కుళ్లినచోట కోసేసి, కొత్త ముక్క అతకాలి. కొసకి కొస ఆనించి అతికితే అక్కడే విరుగుతుంది. రెండు కొసలూ ఏటవాలుగా చెక్కి ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టాలి. మందానికి ఎనిమిదింతలు పొడవుండాలి ఆ వాలు. ముప్పావంగుళం చెక్కకి ఆరంగుళాలు. కొడుకు యూట్యూబ్‌లో చూసి మిషన్ కొందామన్నాడు. పెద్దాయన చిత్రిక చాలన్నాడు. బజారులో దొరికిన చిత్రిక బ్లేడుకి గంటసేపు పదును పెట్టుకుని, మధ్యాహ్నానికల్లా రెండు వాలులూ తీశాడు. రెండూ కలిపి వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే సందు కనపడలేదు. కాస్త అతిశయం ఉందనుకోండి, కానీ ఆ అతుకుని చూడ్డానికే పక్కింటాయన రెండుసార్లు వచ్చిపోయాడు.

అతకడానికి ఎపాక్సీ. అచ్చులో డొప్ప పోసేటప్పుడు వాడే పాలియెస్టర్ రెసిన్ చవకే గానీ, ఎండిపోయిన పాత పనిమీద, చెక్కమీద ఎపాక్సీ పట్టినంత గట్టిగా పట్టదు. ఈ విద్యకి పేరు తెచ్చినవాళ్లలో మిచిగన్ రాష్ట్రం బే సిటీకి చెందిన గూజన్ సోదరులు ముఖ్యులు. చెక్కని ఎపాక్సీతో తడిపి పడవలు కట్టడం మీద వాళ్లు 1979లో ఓ లావుపాటి పుస్తకమే వేశారు. కొడుకు లైబ్రరీ నుంచి తెచ్చాడు. ఇంగ్లిష్ రాని పెద్దాయన బొమ్మలు చూస్తూ పేజీలు తిప్పి, 'మనోళ్లే' అన్నాడు.

ఎపాక్సీతో ఒకటే పేచీ. రెండు సీసాల ద్రవాలు చెప్పిన పాళ్లలోనే కలపాలి, కొంచెం కొంచెంగా కలపాలి. తొందరపడి కొడుకు ఒకేసారి రెండు లీటర్లు కలిపాడు. పది నిమిషాల్లో డబ్బా కాలిపోతూ పొగలు కక్కింది. ఎత్తుకెళ్లి బయట సిమెంటు మీద పెట్టేదాకా అందరికీ హడలే. గట్టిపడేటప్పుడు పుట్టే వేడి లోతు డబ్బాలో బయటికి పోలేదు. పలచగా వెడల్పు పళ్లెంలో పోసుకుంటే ఆ బాధ ఉండదు. 'రాతి సున్నం తడిపితే ఉడకదూ? అదే ఇది' అని తేల్చాడు పెద్దాయన. ఆ డబ్బాతో నలభై డాలర్లు పోయాయి.

ఇలా సాగుతుండగా జూలై 4 వచ్చింది, వెళ్లింది. పిలిచిన నాలుగు కుటుంబాలూ వచ్చాయి. పడవ పొట్ట విప్పుకుని గ్యారేజీలో ఉంది. అందరూ దాన్ని చూసి, పెరట్లో బిర్యానీ తిని వెళ్లారు. 'మా కారు మూడు నెలలుగా వానలో నానుతోంది, దానికి ఫోమ్ కూడా లేదు' అని కోడలు వేసిన చెణుకు ఆ సాయంత్రం అందరి నోటా నానింది.

అసలు తగవు వచ్చింది ఫోమ్ దగ్గర. మళ్లీ ఫోమ్ ఎందుకన్నది పెద్దాయన వాదన. నీళ్లు తాగి దూలాన్ని కుళ్లబెట్టింది అదే కదా. ఖాళీగా వదిలేస్తే గాలి ఆడుతుంది, నీళ్లు పడ్డా కారిపోతాయి. 'మా పడవల్లో ఎప్పుడు పోశాం ఫోమ్?' అన్నాడు. చెక్క సంగతి వరకూ ఆయన మాటే రైటు.

ఇక్కడ మాత్రం కొడుకు వెనక్కి తగ్గలేదు. చెక్క పడవ బోల్తాపడ్డా చెక్క తేలుతుంది. గాజునార డొప్ప నీళ్లకంటే బరువు, పైగా వెనకాల ఇనుప మోటారు. నీళ్లు నిండితే రాయిలా దిగిపోతుంది. అలా దిగిపోకుండా ఇరవై అడుగుల్లోపు మోటారు బోట్లకి తేలే ఏర్పాటు ఉండాలని 1970ల నుంచి అమెరికా నియమం. నీళ్లు నిండినా మనుషులు పట్టుకుని వేలాడటానికి పడవ తేలుతూ ఉండాలి. ఘనపుటడుగు పొడి ఫోమ్ నీళ్లలో ఇరవైఏడు కిలోల బరువుని తేలుస్తుంది. ఖాళీగా వదిలేసిన చోటు ఒక్క కిలోని కూడా తేల్చదు.

'బోల్తాపడితే మీ మనవడు దేన్ని పట్టుకోవాలి నాన్నా?' అన్నాడు కొడుకు. అలవాటు లేని 'మీ' అనే మాట ఎందుకొచ్చిందో గానీ, పెద్దాయన చాలాసేపు ఆలోచించాడు.

'సరే పొయ్యి. కానీ నీటికి దారి వదులు' అన్నాడు.

ఫ్యాక్టరీ చేయని పని అదొక్కటే. ప్లాస్టిక్ పైపుని నిలువునా రెండుగా చీల్చి, అడుగు మధ్యలో బోర్లించి, ముందునుంచి వెనక చివరిదాకా పరిచారు. అడ్డుచెక్కలకి కింద రంధ్రాలు పెట్టారు. ఫోమ్ దానిమీదే పోశారు. ఎక్కడ నీళ్లు దిగినా ఆ పైపు కిందకి చేరి, వెనక బిరడా రంధ్రం దగ్గరికి వచ్చేస్తాయి. ఫోమ్ కూడా రెండు ద్రవాలే, కలిపిన క్షణాల్లో ఎన్నో రెట్లు పొంగుతుంది. ఎపాక్సీ దెబ్బ తిన్నవాడు కాబట్టి ఈసారి కొడుకు గ్లాసులతో పోశాడు. తీసిన ఫోమ్ ఎక్కడెక్కడ ఎంత ఉందో ఫొటోల్లో చూసి, అంతకు తగ్గకుండా అక్కడక్కడే నింపాడు. షాపులో దొరికే తెల్ల థర్మోకోల్ అట్టలు చవకే గానీ, వాటిమీద పెట్రోలు పడితే కరిగిపోతాయి. వాటి జోలికి పోలేదు.

ఇక నేల. ఇంట్లో వంటగది చేయించుకున్నవాళ్లెవరికైనా మన దగ్గర మెరైన్ ప్లైవుడ్, ఐఎస్ 710 అన్న మాటలు పరిచయమే. అక్కడ బీఎస్ 1088 అన్న ముద్ర చూస్తారు. మామూలు బయటి పనుల ప్లైవుడ్‌కీ దీనికీ జిగురులో పెద్ద తేడా లేదు. తేడా లోపలి పొరల్లో. మెరైన్ రకంలో పొరల మధ్య ఖాళీలుండవు. ఖాళీ ఉంటే నీళ్లు అక్కడ కాపురం పెడతాయి. కుళ్లకుండా రాగి మందులు పట్టించిన ప్లైవుడ్ కూడా దొరుకుతుంది, అల్యూమినియం బోట్లలో మాత్రం దాన్ని వాడకూడదు. ఆ రాగి అల్యూమినియాన్ని తినేస్తుంది.

పాత నేల ముక్కల్ని పేర్చి, వాటిని అచ్చుగా పెట్టుకుని కొత్త అరంగుళం షీట్లు కోశారు. పైనా కిందా, ముఖ్యంగా కోసిన అంచులకి, మూడేసి పూతలు ఎపాక్సీ. చెక్క నీళ్లు తాగేది అంచుల్లోంచే. పూతకీ పూతకీ మధ్య పైన మైనంలా జిగటపొర కడుతుంది, దాన్ని నీళ్లతో కడగందే తర్వాతి పూత పట్టదు.

స్క్రూ రంధ్రాల దగ్గర పెద్దాయన ఎవర్నీ నమ్మలేదు. ఒక్కో రంధ్రాన్నీ కావాల్సినదానికి రెట్టింపు వెడల్పుతో తొలిచి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని నడిమధ్య మళ్లీ సన్న రంధ్రం వేయించాడు. ఇలా చేస్తే స్క్రూ తగిలేది ఎపాక్సీకే, చెక్కకి కాదు. రంధ్రంలోంచి నీళ్లు దిగినా చెక్కకి చేరవు. నలభైఆరు రంధ్రాలు, నాలుగు సాయంత్రాలు. 1986లో ఎవరో ఈ నాలుగు సాయంత్రాలు మిగుల్చుకోబట్టే ఇంత కథ నడిచింది.

పైన కార్పెట్ వేయలేదు. బూడిదరంగు పెయింటు, తడిమీద సన్న ఇసుక చల్లి ఇంకో పూత. చూడ్డానికి సాదాగా ఉంది, కాలు మాత్రం జారదు. మొత్తం ఖర్చు 1,400 డాలర్లు దాటింది. శని, ఆదివారాల చాకిరీకి కూలి కట్టలేదు. బోటు ధరతో కలిపి లెక్కేస్తే, ఇంతకంటే మంచి బోటే వచ్చుండేదని ఎవరైనా అనొచ్చు. లెక్క ప్రకారం నిజమే. కానీ ఆ మంచి బోటు నేలకింద ఏముందో మళ్లీ ఎవరికి తెలుసు?

సెప్టెంబరు మొదటి ఆదివారం. ఇంకో తొమ్మిది రోజుల్లో పెద్దాయన విమానం. మిన్నెటాంక సరస్సు దగ్గర ట్రైలర్‌ని నీళ్లలోకి దించారు. మినెసోటా చట్టం ప్రకారం, కదిలే పడవలో పదేళ్లలోపు పిల్లలు లైఫ్ జాకెట్ తొడుక్కోవాల్సిందే. ఎనిమిదేళ్ల మనవడితో పాటు తాతయ్యకీ కోడలు బలవంతంగా తొడిగింది. పడవ తేలింది. ఇదివరకటికంటే రెండంగుళాలు పైకి తేలిందని కొడుకు, కాదు అదే ఎత్తని పక్కింటాయన.

పెద్దాయన ఎక్కాడు. రెండడుగులు వేసి, మూడో అడుగు దగ్గర ఆగి, చెప్పులు విప్పాడు. తొక్కి చూశాడు. ఇంకోసారి తొక్కాడు. 'మెత్తగా ఉందా తాతయ్యా?' అన్నాడు మనవడు. 'నువ్వు చూడు' అన్నాడాయన. వాడు రెండుకాళ్లతో ఎగిరి దూకాడు.

సాయంత్రం పడవని ఒడ్డుకి లాగాక వెనక బిరడా తీయాలి. గుల్లచేపల బాపతు జీవులు ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకి నీళ్లతో పాకిపోతాయని, బిరడా తీసే రోడ్డెక్కాలని అక్కడి నియమం. మామూలుగా దాన్ని తీసి జేబులో వేసుకుని వెళ్లిపోతారు. వీళ్లు మాత్రం వంగి, కింద గ్లాసు పెట్టారు. కాసేపు ఏమీ రాలేదు. తరవాత సన్నగా ధార కట్టి, ముప్పాతిక గ్లాసు నిండి ఆగిపోయింది.

కొడుకు మొహం వాడిపోయింది. పెద్దాయన గ్లాసులో వేలు ముంచి చూశాడు.

'చల్లగా ఉన్నాయిరా' అన్నాడు.

కోడలు పడవెక్కి చూసింది. కూల్‌డ్రింకుల ఐసు పెట్టెకి కింద బిరడా సరిగ్గా బిగించలేదు.